గౌరవ తిరుగుబాటుదారుడు

కొమ్మలపాడు సీయోను చర్చిని నడిపించేది పైన దేవుడు, కింద కార్యదర్శి దైవాశీర్వాదం గారు. మధ్యలో తిమోతి అయ్యగారు కూడా ఉన్నారు గాని, పాపం ఆయనకు అప్పజెప్పింది ప్రసంగాలూ ప్రార్థనలూ మాత్రమే. మిగిలిన రాజ్యభారమంతా కార్యదర్శి గారి నెత్తిమీదే ఉండేది.

దైవాశీర్వాదం గారు పంచాయతీ శాఖలో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గాని, ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. ఇంట్లో ఆవకాయ జాడీ మూత తీసినా "ఎవరి అనుమతితో?" అని అడిగే మనిషి. ఆదివారం ఆరాధనలో ప్రకటనలు చదివేది ఆయనే. చావు కబురైనా, పెళ్లి ప్రకటనైనా, స్త్రీల సమాజం వారి వడియాల అమ్మకమైనా ఆయన నోట ఒకే గొంతుతో వచ్చేవి. వినేవాళ్లు ఏడవాలో నవ్వాలో తెలియక ఆమెన్ అనేవారు.

అలాంటి మనిషికి ఆ వేసవిలో నిద్ర లేకుండా చేసింది మహాసంఘం ఆఫీసు నుంచి వచ్చిన ఒక సర్క్యులరు. "యౌవనస్థుల హాజరు క్షీణించుచున్న సంఘములను గుర్తించి, సమీప సంఘములయందు విలీనము చేయుటకు నిర్ణయించడమైనది" అని అందులో ఉంది. సమీప సంఘమంటే కాలవ అవతలి గట్టు చర్చి. అక్కడ డ్రమ్ములున్నాయి, రంగు లైట్లున్నాయి, పాస్టరు గారు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ప్రసంగిస్తారు. విలీనమైతే అక్కడ దైవాశీర్వాదం గారికి దక్కేది వెనక బెంచీలో ఒక మూల. ప్రకటనలు వాళ్లు తెరమీద వేసుకుంటారట, చదివే మనిషితో పనే లేదట.

ఆ దిగులుతోనే ఆయన ఆ ఆదివారం బలిపీఠం పక్కన తన కుర్చీలో, సంఘానికి ఎదురుగా కూర్చున్నారు. రెండో గంట కొట్టి చాలాసేపైంది. అయ్యగారు ప్రార్థన చేస్తున్నారు. అందరూ తలలు వంచి కళ్లు మూసుకున్నారు. దైవాశీర్వాదం గారు మాత్రం కళ్లు తెరిచే ఉన్నారు. ఎందుకని అడగకండి, దాన్ని పర్యవేక్షణ అంటారు.

అప్పుడు బజారు మలుపులో బుల్లెట్ బండి చప్పుడు వినిపించింది. స్త్రీల వైపు బెంచీల్లో ఒక తల పైకి లేచింది. ఆ వెనక ఇంకొకటి లేచింది. చప్పుడు దగ్గరవుతున్నకొద్దీ వరసలకు వరసలు లేచి గుమ్మం వైపు తిరిగాయి. పొద్దుతిరుగుడు చేను గుర్తొచ్చింది ఆయనకు. లోపలికి వచ్చినవాడు ఎస్తేరమ్మ కొడుకు రూబేను.

రూబేను ఏసీ మెకానిక్కు. క్వయర్లో గిటారు వాయిస్తాడు, కీర్తన ఎత్తుకుంటే రాయి కూడా కళ్లు తుడుచుకుంటుంది. గుమ్మం దగ్గర ముసలమ్మల చెప్పులు తీసి వరసలో పెట్టి, "పెద్దమ్మా, మోకాళ్లెట్టా ఉన్నాయి?" అని అడిగి మరీ లోపలికి వస్తాడు. ఇంత మంచివాడు ఇంతటితో ఆగితే ఊళ్లో తల్లులకు మాత్రమే నచ్చేవాడు. కాని వాడి బండికి సైలెన్సరు లేదు. వాడి జుట్టు కంట్లో పడుతుంది. చొక్కా పై గుండీలు రెండూ వాడితో ఎప్పుడూ కలిసిరావు. ప్రసంగం సాగుతుంటే మధ్యలో లేచి ఎదురుగా కోటయ్య కొట్టుకెళ్లి టీ తాగొస్తాడు. పూర్తిగా చెడ్డవాణ్ణి ఇష్టపడితే ఇంట్లో తంతారు, పూర్తిగా మంచివాణ్ణి ఇష్టపడితే ఇంట్లోవాళ్లే పెళ్లి చేసి సరదా తీర్చేస్తారు. వీడు ఈ రెంటికీ మధ్య, ఒక చేత్తో బైబిలూ ఇంకో చేత్తో బుల్లెట్టూ పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. ఆడపిల్లలకు ఇంతకంటే సౌకర్యం ఏం కావాలి?

ఆ రాత్రి దైవాశీర్వాదం గారికి హాయిగా నిద్ర పట్టింది.

*

పాస్టరేట్ కమిటీ కూర్చుంది. నిజానికి ఆ రోజు అజెండా రూబేను మీద చర్య తీసుకోవడమే. ఫిర్యాదు చేసింది స్త్రీల సమాజం అధ్యక్షురాలు, రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ జీవరత్నమ్మ గారు.

"ఆలస్యంగా వస్తాడు. ఆ బండి మోతకి దేవదూతలకే గుండె దడ పుట్టుద్ది. ఇంకా మొన్న ప్రసంగం మధ్యలో లేచి ఏమడిగాడో గుర్తుందా? తప్పిపోయిన కుమారుడి కథలో వాణ్ణి తిన్నగా పందులు కాసే దగ్గరికి తీసుకుపోయారు, ముందు దూరదేశంలో ఏమేం చేశాడో కాస్త వివరంగా చెప్పండి అన్నాడు!"

"ఆ ప్రశ్న బాగానే ఉందండీ," అన్నారు తిమోతి అయ్యగారు మెల్లగా. "నాకే తెలీదు జవాబు."

అయ్యగారి మాట మినిట్సులోకి ఎక్కలేదు. ఎప్పుడూ ఎక్కదు.

"వాడికి బల్ల ఆపాలి," అన్నారు జీవరత్నమ్మ గారు. తప్పు చేసిన విశ్వాసికి నెల మొదటి ఆదివారం ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షారసం ఇవ్వకుండా ఆపడం ఆ సంఘంలో తాతల నాటి శిక్ష.

దైవాశీర్వాదం గారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, ఆపుతాం. ఆపితే వాడు రాడు. వాడు రాకపోతే వాళ్లూ రారు."

"వాళ్లెవరు?"

"స్త్రీల వైపు."

"నా సంగతి వేరు. నేను ప్రార్థన కోసం వస్తాను."

"మిమ్మల్ని అనలేదండీ."

"మొన్నటి వారం వాడు రాలేదు, నేనూ రాలేదు. నిజమే. కాని అది మోకాళ్ల నెప్పి వల్ల."

దైవాశీర్వాదం గారు లేచి నిలబడ్డారు. ముఖ్యమైన మాట చెప్పాలంటే ఆయన కూర్చోలేరు. "కమిటీ వారి దృష్టికి తేవడమేమనగా, సదరు రూబేను యొక్క అల్లరి ఈ సంఘానికి స్థిరాస్తి వంటిది. స్థిరాస్తిని ఆలనా పాలనా లేకుండా వదిలేస్తే అన్యాక్రాంతమైపోతుంది. కనుక దాన్ని సంఘం స్వాధీనం చేసుకుని, క్రమబద్ధీకరించి, అభివృద్ధి చేయవలసి ఉన్నది."

అలా పుట్టింది గౌరవ తిరుగుబాటుదారుడు అనే పదవి. కాలపరిమితి మూడేళ్లు. నిబంధనలు దైవాశీర్వాదం గారే రాసుకొచ్చారు, రూబేనును పిలిచి నిలబెట్టి చదివారు. తిరుగుబాటుదారుడు రెండవ కీర్తన మూడవ చరణమునకు ముందుగా ఆలయ ప్రవేశము చేయరాదు. వాహనమునకు సైలెన్సరు అమర్చరాదు. ముంగురులు కనుబొమను తాకవలెను గాని కంటిని కప్పరాదు. ప్రసంగములో రెండవ అంశము ముగిసిన వెంటనే లేచి బయటకు పోవలెను, అతడు గుమ్మము దాటువరకు కాపరి గారు ప్రసంగమును నిలిపివేయవలెను. ప్రశ్న అడుగదలచినచో గురువారములోగా కమిటీ ఆమోదము పొందవలెను. పదవీకాలమంతయు అవివాహితుడై ఉండవలెను.

"అంటే నేనిప్పుడు చేసేదే చెయ్యమంటారా?" అన్నాడు రూబేను నవ్వు ఆపుకుంటూ.

"చేసేదే. కాకపోతే పద్ధతిగా."

"చెయ్యకపోతే?"

"క్రమశిక్షణా చర్య ఉంటుంది."

రూబేను పకపకా నవ్వి సరేనన్నాడు. చివరి నిబంధన చదువుతున్నప్పుడు వాడు కిటికీలోంచి క్వయర్ బెంచీ వైపు చూస్తున్నాడు. అక్కడ కీర్తనల పుస్తకాలు సర్దుతున్నది దైవాశీర్వాదం గారి కూతురు కెజియా, హైస్కూల్లో లెక్కల టీచరు. కుర్రవాడికి కీర్తనల పుస్తకాల మీద ఇంత భక్తి ఉందా అని దైవాశీర్వాదం గారు లోలోపల మెచ్చుకున్నారు కూడా.

*

ఫలితం అనుకున్నదానికంటే బాగా వచ్చింది. నెల తిరక్కుండా స్త్రీల వైపు బెంచీలు చాలక ప్లాస్టిక్ కుర్చీలు వేయించారు. ఆడపిల్లలు వస్తున్నారని తెలిసి మగపిల్లలు వచ్చారు, మగపిల్లలు వస్తున్నారని తెలిసి ఆడపిల్లల నాన్నలు వచ్చారు. కాలవ అవతలి నుంచి కూడా పడవ మీద వచ్చారు. అవతలి పాస్టరు గారు పోటీగా నల్ల కళ్లద్దాలు తీసి ఎర్రవి పెట్టుకున్నా ఉపయోగం లేకపోయింది.

పద్ధతి కూడా రోజురోజుకీ పెరిగింది. శనివారం సాయంత్రం రిహార్సలు పెట్టారు. జీవరత్నమ్మ గారు రూబేనును కుర్చీలో కూర్చోబెట్టి, "ఇంకొంచెం కిందికి దించు నాయనా. అంత కాదు. ఆఁ, అదీ తిరుగుబాటంటే," అని ముంగురులు స్వయంగా సర్దేవారు. వాడు టీకి వెళ్లేటప్పుడు అడుగులు మరీ గబగబా పడుతున్నాయని, కాస్త నిర్లక్ష్యం కనబడాలని సూచించారు. నోవహు ఓడలోకి దోమల్ని ఎందుకు ఎక్కించుకున్నాడని వాడు అడగబోతే, అది ఆరోగ్యశాఖకు సంబంధించిన విషయమని తిప్పి పంపారు. దాని బదులు "అయ్యగారూ, పరలోకంలో కూడా కమిటీలుంటాయా?" అనే ప్రశ్నను కమిటీయే తయారుచేసి ఇచ్చింది. సంఘమంతా గొల్లున నవ్వింది. తన హాస్యానికి దైవాశీర్వాదం గారు అందరికంటే ఎక్కువసేపు నవ్వారు.

కష్టమంతా తిమోతి అయ్యగారిది. ఆయన ప్రసంగాలకు మూడు అంశాలుంటాయి. రెండో అంశం అవగానే ఆగి, రూబేను లేచి, గిటారు పక్కనపెట్టి, జుట్టు ఎగదోసి, గుమ్మం దాటేదాకా చేతులు కట్టుకుని నిలబడాలి. ఆ తర్వాత మూడో అంశం వినే నాథుడుండడు. అందరి చూపూ కిటికీల్లోంచి టీ కొట్టు మీదే ఉంటుంది. పాపం ఆయన వాక్యంలోని అసలు రసమంతా మూడో అంశంలోనే దాచుకునేవారు.

ఈ కీర్తి విని మహాసంఘం పర్యవేక్షకులు డాక్టర్ ప్రకాశరత్నం గారు తనిఖీకి వచ్చారు. మెడలో దండ వేయించుకుని, రూబేను టీకి వెళ్లి రావడం కళ్లారా చూసి, వేదిక మీద చెమర్చిన కళ్లతో మాట్లాడారు.

"ప్రియులారా, ఇంతకాలం తిరుగుబాటు అనునది అసంఘటిత రంగమందు ఉండిపోయినది. దానిని సంస్థాగత చట్రములోనికి తెచ్చిన ఘనత కొమ్మలపాడుకే దక్కినది. ఈ నమూనాను మహాసంఘ పరిధిలోని అన్ని సంఘములకు విస్తరింపజేయుటకు నేను ఇందుమూలముగా సంకల్పించుచున్నాను."

విస్తరింపజేశారు. పెదలంక సంఘంలో కుర్రవాళ్లెవరూ లేక రిటైర్డ్ పోస్టుమాస్టరు గారిని నియమించారు. ఆయన ప్రసంగం మధ్యలో లేచి వెళ్లారు గాని షుగరు వ్యాధి వల్ల టీ తాగకుండా తిన్నగా ఇంటికెళ్లి పడుకున్నారు. ఇంకో ఊళ్లో ఇద్దరు పోటీపడితే ఇంటర్వ్యూ పెట్టారు. వేళకు వచ్చినవాణ్ణి అనర్హుడని పంపేసి, అసలు రానివాణ్ణి ఎంపిక చేశారు. ఆ సంగతి చెబుదామంటే వాడు ఇప్పటికీ దొరకలేదట. ఈ సంఘాలన్నిటికీ శిక్షణ ఇచ్చే బాధ్యత దైవాశీర్వాదం గారి మీద పడింది. ఆయన ఊరూరా తిరిగి, నల్లబల్ల మీద సుద్దముక్కతో ముంగురుల బొమ్మ గీసి మరీ బోధించారు. జీవితంలో ఎప్పుడూ ఒక ఎర్రదీపం కూడా దాటని మనిషి అల్లరికి ఆచార్యుడయ్యారు.

*

ఒకరోజు శిక్షణ ముగించుకుని ఇంటికొచ్చేసరికి పెరట్లోంచి మాటలు వినిపించాయి. ఏసీ బాగు చెయ్యడానికి రూబేను వచ్చాడు. వాళ్లింట్లో ఏసీ చెడిపోలేదు. అసలు పెట్టించిందే నెల కిందట. ఆ నెలలో వాడు రావడం ఇది ఎన్నోసారో ఆయనకు అప్పుడు అనుమానమొచ్చింది.

"నీకసలు సిగ్గుందా?" అంటోంది కెజియా. "జీవరత్నమ్మ గారు దువ్విన జుట్టేసుకుని తిరగతా ఉన్నావు. నువ్విప్పుడు మా నాన్న ఆఫీసులో గుమాస్తావి. నీకంటే ఆ పోస్టుమాస్టరు తాత నయం, ఇంటికెళ్లి పడుకున్నాడు."

"నేనేం చేసేది కెజియా? మానేద్దామంటే మీ నాన్న చర్య తీసుకుంటానంటాడు."

"అయితే మూడేళ్లు అట్టాగే టీ తాగతా ఉండు. నేను వేరే ఎవర్నో చేసుకుంటాలే."

దైవాశీర్వాదం గారి చేతిలోంచి సుద్దముక్కల డబ్బా కిందపడింది.

మర్నాడే ఎస్తేరమ్మ కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. పళ్లెంలో పళ్లూ పూలూ తెచ్చింది. రూబేను రాజీనామా తెచ్చాడు.

"పిల్లలిద్దరూ ఇష్టపడ్డారన్నయ్యగారూ," అంది ఎస్తేరమ్మ. "మీరు ఊఁ అంటే..."

దైవాశీర్వాదం గారు కుర్చీలోంచి లేచారు. "కన్నతండ్రి హోదాలో చెబుతున్నాను. టైముకి రానివాడికీ, సైలెన్సరు లేనివాడికీ, ప్రసంగం మధ్యలో టీకి లేచిపోయేవాడికీ నా పిల్లనివ్వను. కార్యదర్శి హోదాలో చెబుతున్నాను. పదవీకాలం ముగిసేదాకా నువ్వు పెళ్లి చేసుకోవడానికి లేదు."

"అందుకేనండీ రాజీనామా తెచ్చాను మావయ్యగారూ."

ఆ పిలుపుకు ఆయన ఉలిక్కిపడి, రాజీనామా పుచ్చుకుని, కమిటీ ముందు పెడతానన్నారు. కమిటీ సుదీర్ఘంగా చర్చించి జవాబిచ్చింది: "కమిటీని ధిక్కరించి రాజీనామా సమర్పించుట ద్వారా తమరు తిరుగుబాటు విధులను అత్యంత సమర్థవంతముగా నిర్వర్తించినందులకు అభినందనలు. ఇదే ఉత్సాహముతో కొనసాగవలెను."

రూబేనుకు రోషమొచ్చింది. ఆ మరుసటి ఆదివారం తలకు ఆముదం పట్టించి పాపిట తీసి, గుండీలన్నీ పెట్టుకుని, మొదటి గంటకంటే ముందే కాలినడకన చర్చికొచ్చి ముందు బెంచీలో చేతులు కట్టుకు కూర్చున్నాడు. ఆడపిల్లలు మొదట వాణ్ణి గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక వెర్రెత్తిపోయారు. నిబంధనలన్నీ ఒకేసారి తుంగలో తొక్కిన మగాణ్ణి వాళ్లెక్కడ చూశారు? కమిటీ ఆ సాయంత్రమే అత్యవసరంగా సమావేశమై, ఇంతటి ధిక్కారం ఈ జిల్లాలోనే అరుదని ప్రశంసించి, పదవీకాలాన్ని ఇంకో రెండేళ్లు పొడిగించింది.

వేరే దారి లేక ఇద్దరూ తిమోతి అయ్యగారి దగ్గరికి వెళ్లారు. చర్చిలో పెళ్లి జరగాలంటే వరసగా మూడు ఆదివారాలు సంఘం ఎదుట పెళ్లి ప్రకటన చదవాలి. ఎవరికైనా న్యాయమైన అభ్యంతరముంటే అక్కడే చెప్పాలి. చదవవలసింది కార్యదర్శి, కార్యదర్శేమో పెళ్లికూతురి తండ్రి.

"నేను చదవను," అని అయ్యగారితో తెగేసి చెప్పారు దైవాశీర్వాదం గారు. "ప్రకటన కాగితం నా బీరువాలోంచి బయటికి రాదు."

సంఘానికి అల్లరివాడు కావాలి, తన గుమ్మంలోకి మాత్రం రాకూడదు. ఇందులో ఆయనకు ఏ వైరుధ్యమూ కనబడలేదు. ఊళ్లోకి కరెంటు కావాలనుకుంటాం, అలాగని తీగ పట్టుకుంటామా?

*

ఆ తర్వాతి ఆదివారం అయ్యగారు రెండో అంశం ముగించి, అలవాటు ప్రకారం ఆగి చేతులు కట్టుకున్నారు. అందరూ రూబేను వైపు చూశారు. రూబేను కదల్లేదు. గిటారు ఒళ్లో పెట్టుకుని గోడకేసి చూస్తున్నాడు.

దైవాశీర్వాదం గారు కనుసైగ చేశారు. దగ్గారు. జీవరత్నమ్మ గారు కొంగు చాటునుంచి గుమ్మం చూపించారు. వాడు ఉలకలేదు, పలకలేదు. తిరుగుబాటుదారుడు గుమ్మం దాటితే గాని ప్రసంగం సాగరాదని నిబంధన. కనుక ప్రసంగం సాగలేదు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, ఎవరో తుమ్మారు, పసిపిల్లలు కునుకు తీశారు. వంట పొయ్యి మీద పెట్టి వచ్చినవాళ్లకు చెమటలు పట్టాయి. అయ్యగారు కాలు మార్చి కాలు మీద నిలబడ్డారు.

అప్పుడు క్వయర్ బెంచీలోంచి కెజియా లేచింది. ఎవరి వైపూ చూడకుండా, తలమీద కొంగు సర్దుకుని, నడవ మధ్యనుంచి నడిచి గుమ్మం దాటింది. తిన్నగా కోటయ్య కొట్టుకెళ్లి టీ చెప్పింది.

ఆమె చేతికి టీ గ్లాసు వచ్చేలోపే రూబేను లేచి వెంటపడ్డాడు. వాడి వెనకే స్త్రీల వైపు మొత్తం లేచింది. కుర్రాళ్లు లేచారు, వాళ్లను కనిపెట్టుకుని ఉండే నాన్నలు లేచారు. జీవరత్నమ్మ గారు "మోకాళ్లు పట్టేశాయి, కాస్త నడిచొస్తాను," అని ఎవరూ అడక్కుండానే చెప్పి వెళ్లిపోయారు. దైవాశీర్వాదం గారి భార్య సువార్తమ్మ ఏమీ చెప్పకుండా వెళ్లారు. చివరికి తిమోతి అయ్యగారు వేదిక దిగి, ఆరాధన క్రమం పుస్తకం చంకలో పెట్టుకున్నారు.

"అయ్యగారూ, మీరెక్కడికి?"

"సంఘం ఎక్కడుంటే నేనక్కడుండాలి కదండీ. మూడో అంశం చెప్పక ఎన్నాళ్లయిందో," అని ఆయన కూడా రోడ్డు దాటారు.

అంత పెద్ద చర్చిలో దైవాశీర్వాదం గారొక్కరే మిగిలారు. నిబంధనల ప్రకారం కోరం లేదు. బయటికి వెళ్దామా వద్దా అని ఆలోచిస్తుండగానే అయ్యగారి గొంతు మైకు లేకుండానే రోడ్డు దాటి వినిపించింది. ఆయనకు అంత గొంతుందని ఎవరికీ తెలియదు.

"కొమ్మలపాడు సంఘ సభ్యురాలు కుమారి కెజియాకును, ఎస్తేరమ్మ గారి కుమారుడు రూబేనుకును పరిశుద్ధ వివాహము జరుగనైయున్నది. దీనికి న్యాయమైన అభ్యంతరము ఎవరికైనను ఉన్నయెడల తెలియజేయవలెను. ఇది మొదటిసారి ప్రకటించుట."

దైవాశీర్వాదం గారు పంచె ఎగ్గట్టి పరుగెత్తారు. "ఉంది! నాకుంది అభ్యంతరం!"

టీ కొట్టు ముందు జనం దారిచ్చారు.

"చెప్పండి," అన్నారు అయ్యగారు.

"అతను తిరుగుబాటుదారుడు!"

"మరి నియమించింది మీరేగా," అన్నారు జీవరత్నమ్మ గారు టీ ఊదుకుంటూ. "పైగా ఊరూరా తిరిగి మాంఛి కుర్రాడని చెప్పొచ్చిందీ మీరే."

"అయితే... అయితే అతను తిరుగుబాటుదారుడు కానే కాడు! పోయిన వారం చూశారుగా, ఆముదం రాసుకుని, టైముకొచ్చి..."

"అట్టాగైతే బుద్ధిమంతుడే కదండీ," అన్నారు అయ్యగారు. "ఇంక అడ్డమేముంది?"

జనం నవ్వారు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఎంతోమందిని దైవాశీర్వాదం గారు ఇలాగే అటూ ఇటూ కాకుండా ఇరికించారు గాని, తానిరుక్కోవడం ఇదే మొదలు. చివరికి సూపరింటెండెంటుకు తెలిసిన ఒకే ఒక్క ఉపాయం వాడారు.

"పరిశీలించి, వచ్చే వారం తెలియజేస్తాను."

*

ఆ వారం ఇంట్లో ఎవరూ ఆయనతో మాట్లాడలేదు. వంట వండుతున్నారు, వడ్డిస్తున్నారు, మాట మాత్రం లేదు. గురువారం నాటికి ఆయనే ఉండలేకపోయారు.

"నేనేదో శత్రువునైనట్టు చూస్తారేంటి? పిల్ల మంచి కోసమే కదా."

సువార్తమ్మ చేతిలోని గరిటె కింద పెట్టారు. "ఆ పిల్లాడి ముంగురులు ఎంత పొడుగుండాలో తేల్చడానికి కమిటీ వేశారు. మీ కూతురి మనసులో ఏముందో ఒక్కసారన్నా అడిగారా?"

ఆయనకు కోపం రావలసింది, రాలేదు. వసారాలో పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్న కూతురి దగ్గరికి వెళ్లి నిలబడ్డారు.

"ఏం చూసి ఇష్టపడ్డావమ్మా వాణ్ణి? ఆ బండా? ఆ జుట్టా?"

"ఆ బండి మోతంటే నాకు తలనొప్పి నాన్నా." కెజియా ఎర్రసిరా పెన్ను మూత పెట్టింది. "సలోమి గుర్తుందా? ఇంట్లో చెప్పకుండా పెళ్లి చేసుకుని, వాడొదిలేస్తే తిరిగొచ్చింది. మీరు బల్ల ఆపారు. ఆదివారం ఆ పిల్ల కూర్చున్న బెంచీలో ఎవరూ కూర్చోలేదు. నేను కూడా కూర్చోలేదు. భయపడ్డాను. మగాళ్ల వైపునుంచి రూబేను లేచొచ్చి ఆ పిల్ల పక్కన కూర్చుని, కీర్తనల పుస్తకం తెరిచి చేతికిచ్చాడు. ఎవరి వైపూ చూడలేదు. తర్వాత ఎవరికీ చెప్పుకోలేదు. ఆ రోజునుంచి."

ఆ సంగతి దైవాశీర్వాదం గారికి గుర్తే. పురుషుడు స్త్రీల వైపు కూర్చొనుట అని ఆయనే తప్పు పట్టారు. తిరుగుబాటుదారుడి విధులు రాసేటప్పుడు మాత్రం దాన్ని వదిలేశారు, అందులో జనాన్ని ఆకర్షించే విషయం ఏమీ లేదని. ఆయనకు చాలా సిగ్గేసింది. ఆ సిగ్గును ఏ హోదాలో అనుభవించాలో తెలియక, "పేపర్లు దిద్దుకో అమ్మా," అని లోపలికి వెళ్లిపోయారు.

ఆదివారం చర్చిలో ఇసుక వేస్తే రాలనంత జనం. తండ్రి అభ్యంతరం చెబుతాడా లేదా చూద్దామని కాలవ అవతల పడవ ఎక్కని మనిషి లేడు. డాక్టర్ ప్రకాశరత్నం గారు కూడా ఈ హాజరు ఎలా వచ్చిందో అధ్యయనం చేయడానికి వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ప్రకటనల వేళకు దైవాశీర్వాదం గారు లేచారు. చేతిలో బీరువాలోంచి తీసిన కాగితం ఉంది. కమిటీ తీర్మానం లేదు, ఎవరి అనుమతీ లేదు. క్వయర్ బెంచీలో కెజియా తల వంచుకుని రెండు చేతులూ ఒళ్లో గట్టిగా పట్టుకుంది.

"కొమ్మలపాడు సంఘ సభ్యులు దైవాశీర్వాదం సువార్తమ్మ గార్ల ఏకైక కుమార్తె కెజియాకును..." అని ఆయన మొదలుపెట్టారు. ఎప్పుడూ ఒకే తీరున ఉండే గొంతు కూతురి పేరు దగ్గర కాస్త వణికింది.

అభ్యంతరముంటే చెప్పాలనే వాక్యం చదివాక ఆయన ప్రతి పెళ్లి ప్రకటనకూ చాలాసేపు ఆగుతారు. రెండు వైపులా బెంచీ బెంచీ పరికించి చూస్తారు. అలా ఆగి తీరాలన్నది ఆయన పెట్టిన నిబంధనే. ఆ ఆగినంతసేపూ ఎంతమంది పెళ్లికొడుకులు ఊపిరి బిగబట్టి చచ్చి బతికారో లెక్కలేదు. సంఘమంతా ఇప్పుడు దానికోసమే ముందుకు వంగింది.

"...దీనికి న్యాయమైన అభ్యంతరము ఎవరికైనను ఉన్నయెడల తెలియజేయవలెను ఇది రెండవసారి ప్రకటించుట స్త్రీల సమాజము వారి కూటము మంగళవారము సాయంకాలము జీవరత్నమ్మ గారి ఇంట జరుగును వడియములు కావలసినవారు సంచులు తెచ్చుకొనవలెను," అని దైవాశీర్వాదం గారు గుక్క తిప్పుకోకుండా ఒక్క ఊపిరిన చదివేసి, కుర్చీలో కూలబడి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.